పరుగు నోటిఫికేషన్ కోసమేనా?

"మన పిల్లలకు ఆటల మీద, వ్యాయామం మీద శ్రద్ధ లేదు" అనే మాట సెమినార్లలోనూ కాలేజీల్లోనూ తరచూ వింటుంటాం. ఇందులో నిజమెంతో తేలాలంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆడుకోవడానికి ఏమేం కావాలి? ఖాళీ సమయం, కడుపునిండా తిండి, జాగా, ఎవరూ వెళ్లగొట్టరన్న భరోసా. ఈ నాలుగూ ఇవాళ్టికీ కులాన్ని బట్టే అందుతున్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5–17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ ఉండాలంటోంది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 11–17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి అంత కదలిక లేదు. కనుక ఇది వాడ పిల్లలకే అంటగట్టే లోపం కాదు. పైగా సెలవుల్లో పత్తి తీసి, మిర్చి కోసి, సిమెంటు బస్తాలు మోసే యువతను ఒళ్లు వంచనివాళ్లని ఎలా అంటాం? తేడా ఒక్కటే. ఆటలో అలసిపోతే ఆగొచ్చు. కూలిలో మేస్త్రీ చెప్పేదాకా ఆగలేం. రోజంతా అలా గడిపిన శరీరం సాయంత్రం విశ్రాంతినే కోరుతుంది.

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడగానే వాడల్లో దృశ్యం మారిపోవడం మనందరికీ తెలిసిందే. తెల్లవారుజామునే కుర్రాళ్లు 1600 మీటర్ల పరుగు సాధన మొదలుపెడతారు. ఈవెంట్స్ అయిపోగానే షూస్ మూలకు చేరతాయి. దీన్ని బద్ధకమని కొట్టిపారేయకూడదు. పరుగు ఉద్యోగానికి దారి అయినప్పుడు పరుగెత్తారు. ఆరోగ్యానికో ఆనందానికో పరుగెత్తే తీరిక వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. చీకటి రోడ్డు మీదికి రాలేని ఆడపిల్లలకు ఆ కొద్దికాలపు సాధన కూడా దక్కదు.

అవకాశం దొరికితే ఏమవుతుందో 2014 మే 25న చూశాం. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన ఆదివాసీ బాలిక మాలావత్ పూర్ణ, దళిత విద్యార్థి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్లకు దొరికింది శిక్షణ, తిండి, వెన్నుతట్టే మనుషులు.

అయితే గెలుపు ఒక్కటే కులాన్ని చెరిపేయదు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీసిన పల్వంకర్ బాలూకు, అంతకుముందు పూనాలో తోటి ఆటగాళ్లు పెవిలియన్ బయట విడిగా మట్టి పాత్రలో టీ ఇచ్చారు. 2021లో టోక్యో ఒలింపిక్స్ సెమీస్‌లో మహిళల హాకీ జట్టు ఓడినప్పుడు వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో దూషించారు.

అందుకే "ఆసక్తి ఉందా?" అని పిల్లలను అడిగే ముందు మనం ఊరిని అడగాలి. మైదానం వాడకు ఎంత దూరంలో ఉంది? అక్కడ ఎవరు ఆడుతున్నారు? ఆడపిల్లలు ఏ వేళకు వెళ్లగలరు? బడిలో, హాస్టల్‌లో వ్యాయామ ఉపాధ్యాయులు ఉన్నారా? ఊరందరి మైదానంలోకి కులం పేరుతో రానివ్వకపోతే అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) కింద నేరం. ఈ సంగతి ఆడుకునే పిల్లలకూ తెలియాలి. విద్యార్థి సంఘాలు స్కాలర్‌షిప్, మెస్ బిల్లుల డిమాండ్ల పక్కనే మైదానాన్ని కూడా రాసుకోవాలి. ఆట మనకు విలాసం కాదు, హక్కు.