కొలువు లేని కుక్కల కొంటె పనులు

'కుక్కను అందలమెక్కిస్తే కుచ్చులన్నీ తెగ కొరికిందట' అని సామెత. రంగారెడ్డి జిల్లాలోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో ఆ సామెత యిప్పుడు రోజూ రుజువవుతోంది. పదిహేనో అంతస్తులో ఏసీ గది, మెత్తని పరుపు, సంచుల్లో వచ్చే మేత, స్నానం చేయించి గోళ్లు కత్తిరించడానికి యింటికే వచ్చే మనుషులు. యింత వైభోగం అనుభవిస్తున్న కుక్కలు సోఫాలోని దూదిని యిల్లంతా పరుస్తున్నాయి. కొత్త బూట్ల జతలో ఒక్కదాన్నే ఏరి నములుతున్నాయి. టీవీ రిమోట్లు, కళ్లజోళ్లు, ఫోను ఛార్జర్ల తీగలు వాటి పళ్లకు పలహారాలవుతున్నాయి.

సామెత చెప్పిన పెద్దలు కుక్క కుచ్చులు కొరికిందని చెప్పారు గాని, ఎందుకు కొరికిందో చెప్పలేదు. అందలంలో కూచున్న కుక్కకు అంతకన్నా చేయవలసిన పనేముంది? హైటెక్ సిటీ కుక్కల అల్లరిలో గుట్టంతా యిదే. అందరూ ఉద్యోగస్తులే వుండే ఆ ప్రాంతంలో కొలువు లేనిది కుక్క ఒక్కదానికే!

అప్పుడు చేలు, యిప్పుడు మేడలు

నిన్నమొన్నటి వరకు అవన్నీ పల్లెలే. రాళ్ల గుట్టల నడుమ చేలు, మేకలు, గొర్రెల మందలు వుండేవి. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తరువాత ఒక్కొక్క గుట్టా కరిగి ఒక్కొక్క మేడ లేచింది. పల్లెలో కుక్కకు చేతినిండా పని. రాత్రి యింటి కాపలా, పగలు మంద వెంట నడక, మక్కచేలో అడవిపంది అలికిడి అయితే మొరుగు. మిగిలిన వేళల్లో వూరంతా తిరిగి, ఎవరింట్లో ఏం వండారో ముక్కుతో విచారించి రావడం. సాయంత్రానికి అలసి అరుగు కింద ముడుచుకు పడుకొనేది. సోఫా కొరికే తీరికా లేదు, కొరకడానికి సోఫా లేదు.

మేడ మీది కుక్కకు యివేవీ లేవు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు వున్నాడు, తలుపు దగ్గర కెమెరా వుంది. దాని వుద్యోగాలన్నీ వేరేవాళ్లు చేస్తున్నారు. ఒంట్లోని సత్తువ మాత్రం అలాగే వుంది. అది ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు గదా!

ఒక్కో అల్లరి వెనుక ఒక్కో వృత్తి

యింకొంచెం లోతుకు పోతే తమాషా సంగతులు తెలుస్తాయి. సీమ కుక్కల్లో ఒక్కొక్క జాతిని ఒక్కొక్క పని కోసం తరాల తరబడి మనుషులే తయారు చేశారు. ఆ పని పోయినా అలవాటు పోలేదు.

అక్కడ ఎక్కువగా కనిపించేది లాబ్రడార్. దీని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వెంట వుండి, వలలూ చేపలూ చల్లని నీళ్లలో నుంచి లాక్కొచ్చేవి. అందుకే యిప్పటి లాబ్రడార్ బకెట్టు కనిపిస్తే మూతి ముంచుతుంది, వాన గుంట కనిపిస్తే పొర్లుతుంది. ఇక దాని తిండియావ చెప్పనలవి కాదు. పెరుగు గిన్నె నాకుతుంది, పప్పు డబ్బా మూత తీస్తుంది, పూజకు పెట్టిన కొబ్బరి చెక్కను మాయం చేస్తుంది. తిన్నది చాలలేదని అబద్ధపు మొహం కూడా పెడుతుంది. అయితే అది పూర్తిగా అబద్ధం కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2016లో తేల్చిన దాని ప్రకారం లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒక వంతుకు ఒక జన్యువులో లోపం వుంది. ఆకలిని అదుపులో పెట్టే సంకేతం వాటికి సరిగా అందదు. కడుపు నిండినా మనసు నిండదు!

గోల్డెన్ రిట్రీవర్ పుట్టినిల్లు స్కాట్లాండు. వేటగాడు కొట్టిన పక్షిని పంటిగాటు పడకుండా తెచ్చివ్వడం దాని వృత్తి. మేడల్లో పక్షులు లేవు కనుక వచ్చిన చుట్టం చెప్పును అంతే జాగ్రత్తగా తెచ్చి యజమాని ఒడిలో పెడుతుంది. బీగిల్ యింగ్లండులో గుంపుగా కుందేళ్లను వాసన పట్టి తరిమిన కుక్క. మూడిళ్ల అవతల కోడికూర వుడికినా దానికి తెలుస్తుంది, తెలిసిన సంగతి గొంతెత్తి అందరికీ చెబుతుంది కూడా. పొట్టికాళ్ల డాక్స్‌హండ్‌ను జర్మన్లు బొరియల్లో దూరి జంతువులను వెలికి లాగడానికి పెంచారు. అది పూలకుండీల్లో మన్ను తవ్విపోస్తుంది, మన్ను దొరక్కపోతే దుప్పటిలోకి దూరి పరుపును తవ్వుతుంది.

జర్మన్ షెపర్డ్ పేరులోనే కాపరి వున్నాడు. అపార్టుమెంటు కింద పిల్లలు చెల్లాచెదరుగా ఆడుతుంటే దానికి సహించదు. చుట్టూ తిరిగి, అడ్డం వెళ్లి, అందర్నీ ఒక మూలకు చేరుస్తుంది. గొర్రెల కాపరులకు ఈ పని చూస్తే వెంటనే అర్థమవుతుంది. పిల్లల తల్లులకు మాత్రం అర్థం కాదు!

పగ్ సంగతి వేరు. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచి అది యింటింటికీ తెలిసిపోయింది. చైనా రాజభవనాల్లో దొరల ఒడిలో కూచోవడమే దాని పూర్వపు కొలువు. అందుకే యజమానిని ఒక్క క్షణం విడవదు. స్నానాల గదికి వెళ్లినా తలుపు బయట కూచొని గురక పెడుతుంది.

రోజుకు పది విజయాలు

తిండి తెచ్చే కుర్రాళ్లు, సరుకుల కుర్రాళ్లు, కొరియరు వాళ్లు రోజంతా గంట కొడుతూనే వుంటారు. గంట మోగగానే కుక్క తలుపు మీదికి దూకి మొరుగుతుంది. కుర్రాడు పొట్లం యిచ్చి తన దారిన వెళ్లిపోతాడు. కుక్క లెక్కలో మాత్రం జరిగింది వేరు. దొంగ వచ్చాడు, తాను మొరిగింది, దొంగ పారిపోయాడు. రోజుకు పదిసార్లు యిలా గెలిచిన కుక్క మరునాడు మొరగడం ఎందుకు మానుతుంది?

తిట్లు తినేటప్పుడు అవి పెట్టే మొహం మరో తమాషా. చెవులు వాల్చి, తోక ముడిచి, కళ్లు పక్కకు తిప్పుతుంది. 'చేసిన తప్పు దానికే తెలుసు' అని యింటివాళ్లు నవ్వుకుంటారు. న్యూయార్కులో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే శాస్త్రవేత్త యిది నిజమా అని పరీక్షించారు. యజమాని గదిలో లేనప్పుడు కొన్ని కుక్కలు వద్దన్న తిండిని తిన్నాయి, కొన్ని తినలేదు. తిన్నా తినకున్నా, తిట్లు తిన్న కుక్కలే ఆ మొహం పెట్టాయి. 2009లో ప్రచురించిన ఈ పరిశోధన చెప్పేదేమిటంటే, అది తప్పు ఒప్పుకున్న మొహం కాదు, మన కోపానికి బెదిరిన మొహం. పొద్దున కొరికిన చెప్పుకు సాయంత్రం కొడితే దానికి తెలిసేది ఒక్కటే: యజమాని యింటికి వస్తే దెబ్బలు పడతాయని!

ఒంటరితనం తెచ్చిన తంటా

అన్ని అల్లర్లనూ నవ్వి వదిలేయడానికి వీలులేదు. కుక్కపిల్లకు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు రాలి గట్టిపళ్లు వస్తాయి. అప్పుడు చిగుళ్ల దురదకు కనిపించినదల్లా కొరుకుతుంది. అది వయసు చేసే పని, దానంతటదే తగ్గుతుంది. పెద్దదైన తరువాత యజమాని గడప దాటగానే తలుపు గీరడం, గంటల తరబడి ఏడవడం, తన కాళ్లే పుండ్లు పడేలా నాక్కోవడం మాత్రం అల్లరి కాదు, దిగులు.

2020లో కరోనా వచ్చి కార్యాలయాలు మూతబడ్డాయి. సాఫ్ట్‌వేర్ వుద్యోగులు యింటి నుంచే పని చేశారు. తోచుబాటుకు, పిల్లల ముచ్చటకు చాలామంది కుక్కపిల్లలను తెచ్చుకొన్నారు. ఆ పిల్లలకు ఒంటరితనం అంటే ఏమిటో తెలియదు. ఇంటినిండా మనుషులు, ఎప్పుడు చూసినా ఒడి. కంప్యూటరులో మీటింగు జరుగుతుంటే అవీ నాలుగు మాటలు మొరిగి పాల్గొన్నాయి. తరువాత కార్యాలయాలు మళ్లీ పిలిచాయి. పొద్దున తొమ్మిదికి తాళం పడితే రాత్రి ఎనిమిదికి తెరుచుకొనే యిళ్లలో అవి మిగిలిపోయాయి. పక్క ఫ్లాటు వాళ్లు గోల భరించలేమని ఫిర్యాదు చేస్తారు. చివరకు ఎవరో ఒకరు, 'దీన్ని ఎక్కడైనా వదిలేద్దాం' అంటారు.

యింట్లో పెరిగిన కుక్కను రోడ్డున వదలడం దాన్ని చంపడంతో సమానం. దానికి బండ్ల భయం తెలియదు, వెతుక్కు తినడం రాదు, వీధికుక్కల గుంపు తమ హద్దులోకి రానివ్వదు. ఆకలిదప్పులకు మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మందు దగ్గరే వుంది

దీనికి ఖరీదైన వైద్యం అక్కర్లేదు. పోయిన పనికి బదులు పని చూపించాలి. పొద్దున, సాయంత్రం అరగంట తిప్పాలి. తిప్పడమంటే గొలుసు పట్టి లాక్కుపోవడం కాదు, ప్రతి చెట్టు దగ్గరా ఆగి వాసన చూడనివ్వాలి. అది కుక్కకు వార్తాపత్రిక చదువుకోవడం వంటిది. మేతను గిన్నెలో పోయకుండా గుడ్డ మడతల్లో, అట్టపెట్టెల్లో దాచి వెతుక్కోనిస్తే గంటసేపు దానికదే కాలక్షేపం. నమలడానికి గట్టి రబ్బరు బొమ్మ యివ్వాలి. ఒంటరిగా వుండటం కూడా నేర్పాలి. మొదట అయిదు నిమిషాలు, తరువాత పది నిమిషాలు బయటికి వెళ్లి వస్తూ అలవాటు చేయాలి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు హడావుడి చేయరాదు.

గొలుసు విప్పి పరుగెత్తనివ్వడానికి మేడల మధ్య చోటెక్కడ అంటారా? కొండాపూర్‌లో చెత్త పోసే 1.3 ఎకరాల స్థలాన్ని బాగుచేసి 2018లో జీహెచ్‌ఎంసీ ప్రత్యేకంగా కుక్కల కోసమే పార్కు తెరిచింది. నడకదారులు, పచ్చిక, నీటి తొట్టి, దూకే ఆటసామాను అందులో పెట్టారు. మనిషి పార్కుల్లో కుక్కలకు ప్రవేశం లేదని బోర్డులు చూసిన వారికి ఇది వింతే!

'నాయినా, ఇంటికాడ వుంచుకోరాదే!'

ఇంతకీ మేడల మీది కుక్కతో పల్లెవాసులకు ఏమి పని అనుకోవచ్చు. పని వుంది. ఏ చేవెళ్లకో శంకర్‌పల్లికో సెలవు రోజున కారు వచ్చి ఆగుతుంది. వెనక సీటులో నుంచి లాబ్రడార్ దిగుతుంది. 'నాయినా, దీన్ని కొన్ని రోజులు మన ఇంటికాడ వుంచుకోరాదే!' అని కొడుకు అడుగుతాడు. 'సరే బిడ్డా' అనే ముందు పెద్దలు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి.

మొదటిది టీకాల కార్డు. రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో చూడాలి. మూడు నెలల వయసులో మొదలుపెట్టి, పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం ఏటా వేయించాలి. రెండోది, మేడ కుక్క కోడిని ఎన్నడూ చూసి వుండదు. చూసిన మొదటి రోజే ఆడుకోబోతుంది, ఆటలో కోడి పోతుంది, యిరుగుపొరుగుతో తగాదా వస్తుంది. కొన్ని వారాలు గొలుసు మీదనే వుంచి కోళ్లు, మేకలు, దూడలను చూపిస్తూ అలవాటు చేయాలి. చేలల్లో పురుగుమందు కొట్టిన రోజుల్లో, అడవిపందులకు వుచ్చులు పెట్టిన చోట్ల విడవరాదు.

తిండి విషయంలో ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు పెట్టరాదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాకొలెట్ కుక్కకు విషంతో సమానం. పిల్లలు ప్రేమతో పెట్టేవి అవే కనుక వాళ్లకూ చెప్పాలి. ముక్కు నొక్కినట్టుండే పగ్, షిట్జూ జాతులకు ఎండలో వూపిరి ఆడదు. సైబీరియా మంచులో బండ్లు లాగిన హస్కీని మే నెలలో రేకుల కొట్టంలో కట్టేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కొడుకు ఎంత బతిమాలినా ఆ జాతిని వద్దనడమే మేలు.

కుక్క ఆటలో గీరినా, కరిచినా, అది పట్నం కుక్క అయినా, పల్లె కుక్క అయినా నిర్లక్ష్యం పనికిరాదు. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టరాదు. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, చెప్పిన తేదీల్లో సూదులన్నీ వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం. సకాలంలో సూదులు పడితే మాత్రం భయం లేదు.

ఇవన్నీ తెలుసుకొని వుంచుకొంటే పల్లెకు లాభమే. నాలుగు నెలలు గడిచేసరికి కండ్లముందే కుక్క మారిపోతుంది. పొద్దున నాయన వెంట చేనుకు నడుస్తుంది, రాత్రి వాకిట్లో ఒక చెవి నిక్కించి పడుకొంటుంది. సెలవుకు వచ్చిన కొడుకు మంచం మీద వదిలిన కొత్త ఫోనును వాసన చూసి పక్కకు తప్పుకుంటుంది. దానికిప్పుడు అంత తీరికెక్కడిది!