బహుభాషా విద్యార్థులు – ఆంగ్ల సామర్థ్య పరీక్ష

భాష తెలియని చోట తెలివి మూగవోతుంది. గణితంలో ఆరితేరిన విద్యార్థి అయినా, ప్రశ్న అడిగిన భాష అర్థం కానప్పుడు కాగితం ముందు నిస్సహాయుడవుతాడు. అతనికి లెక్క రాదా, లేక లెక్కను చెప్పిన భాష రాదా అన్నది ఉపాధ్యాయునికి తెలియాలి. ఈ రెండింటినీ వేరుచేసి చూడలేని పాఠశాల ప్రతిభావంతుని మందమతిగా పొరబడే ప్రమాదం ఉన్నది. ఇటువంటి పొరపాటు జరగకుండా చూచుటకు అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలలలో అమలులో ఉన్న ఏర్పాటులలో ముఖ్యమైనది వార్షిక ఆంగ్ల సామర్థ్య పరీక్ష.

అమెరికా వలసల దేశం. అక్కడి తరగతి గదులలో ప్రపంచ భాషలెన్నో వినిపిస్తాయి. 2021 నాటి గణాంకాల ప్రకారం ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులలో సుమారు 53 లక్షల మంది, అంటే 10.6 శాతం, ఆంగ్లాన్ని ఇంకా నేర్చుకొంటున్నవారుగా గుర్తింపు పొందారు. వీరిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఇంటి భాష స్పానిష్. తక్కినవారిలో అరబిక్, చైనీస్, వియత్నామీస్ మొదలైన భాషలవారున్నారు. తెలుగు మాట్లాడే కుటుంబాల పిల్లలూ ఉన్నారు.

న్యాయస్థానం చూపిన మార్గం

ఈ పరీక్ష వెనుక ఒక న్యాయపోరాట చరిత్ర ఉన్నది. 1964లో అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చింది. సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందే ఏ సంస్థ అయినా జాతి, వర్ణం, జాతీయ మూలం కారణంగా ఎవరిపట్లా వివక్ష చూపరాదని ఆ చట్టం శాసించింది. అయితే భాష రాని విద్యార్థికి సహాయం చేయకపోవడం వివక్ష అవుతుందా అన్న ప్రశ్నకు అప్పటికి స్పష్టమైన సమాధానం లేదు.

ఆ ప్రశ్న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో తలెత్తింది. అక్కడి పాఠశాలలలో ఆంగ్లం రాని చైనా సంతతి విద్యార్థులు రెండువేల ఎనిమిది వందల మందికి పైగా ఉండేవారు. వారిలో వేయిమందికి మాత్రమే అదనపు ఆంగ్ల బోధన లభించేది. మిగిలిన సుమారు 1,800 మంది అర్థం కాని పాఠాలు వింటూ రోజులు వెళ్లదీసేవారు. ఈ విద్యార్థుల పక్షాన దాఖలైన వ్యాజ్యమే లౌ వర్సెస్ నికోల్స్. అందరికీ సమానంగా ఇస్తున్న చదువునే వీరికీ ఇస్తున్నప్పుడు వివక్ష ఎక్కడిదని కింది న్యాయస్థానాలు భావించాయి. 1974 జనవరి 21న సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. ఒకే గది, ఒకే పుస్తకం, ఒకే ఉపాధ్యాయుడు ఉన్నంత మాత్రాన సమానత్వం సిద్ధించదనీ, భాష అర్థం కాని విద్యార్థికి సార్థకమైన విద్య అందనట్లేననీ ఆ తీర్పు సారాంశం. అదే సంవత్సరం అమెరికా కాంగ్రెస్ సమాన విద్యావకాశాల చట్టాన్ని చేసి, భాషాపరమైన అవరోధాలను తొలగించే బాధ్యతను విద్యాసంస్థలపై ఉంచింది.

1981లో కస్టనీడా వర్సెస్ పికార్డ్ వ్యాజ్యంలో ఒక అప్పీలు న్యాయస్థానం మరొక అడుగు వేసింది. పాఠశాల అనుసరించే పద్ధతి సరైన విద్యాసిద్ధాంతంపై ఆధారపడి ఉండాలి. తగిన వనరులతో అమలు కావాలి. కొంతకాలానికి ఫలితం కనిపించాలి. ఈ మూడవ షరతు చాలా కీలకమైనది. ఫలితం కనిపించినదో లేదో తెలియాలంటే కొలమానం ఒకటి కావాలి కదా! 2002 జనవరిలో అమలులోకి వచ్చిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం ఆ కొలతను ఏటా చేయవలసిన విధిగా మార్చింది. 2015 డిసెంబరులో దాని స్థానంలో వచ్చిన ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్’ చట్టం ఈ నియమాన్ని కొనసాగించడమే గాక, విద్యార్థుల ఆంగ్ల ప్రగతిని పాఠశాలల పనితీరును అంచనా వేసే అంశాలలో ఒకటిగా చేర్చింది. ఈ విధంగా పరీక్ష విద్యార్థిదే అయినా, జవాబు చెప్పవలసిన బాధ్యత పాఠశాలకూ ఏర్పడినది.

పరీక్షా విధానం

విద్యార్థి బడిలో చేరినప్పుడు ఇంట్లో మాట్లాడే భాషను గురించి తల్లిదండ్రులు ఒక ప్రశ్నాపత్రాన్ని పూరిస్తారు. అందులో ఆంగ్లేతర భాష పేరు ఉన్నట్లయితే విద్యార్థికి చిన్న ప్రవేశ పరీక్ష పెడతారు. సహాయం అవసరమని తేలిన విద్యార్థికి ప్రత్యేక ఆంగ్ల బోధన లభిస్తుంది. అప్పటినుండి, తగిన స్థాయిని అందుకొనేవరకు, ఏటా సామర్థ్య పరీక్ష తప్పదు. ప్రత్యేక బోధన వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది. అలా వద్దనుకొన్న కుటుంబాల పిల్లలైనా వార్షిక పరీక్షకు మాత్రం హాజరు కావలసిందే.

పరీక్షలన్నీ ఒకే విధంగా ఉండవు. 2003లో ఏర్పడిన ‘విడా’ అనే కూటమిలో రాష్ట్రాలు, ప్రాంతాలు, సమాఖ్య సంస్థలు కలిపి నలభైకి పైగా సభ్యులున్నారు. వారు ‘యాక్సెస్’ అనే పరీక్షను నిర్వహిస్తారు. కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూయార్క్ వంటి రాష్ట్రాలకు సొంత పరీక్షలున్నాయి. ఏ పరీక్ష అయినా వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అనే నాలుగు నైపుణ్యాలనూ కొలవాలి. యాక్సెస్ పరీక్షలో సామర్థ్యాన్ని ఒకటి నుండి ఆరు వరకు స్థాయిలుగా విభజించారు. మొదటి స్థాయిలో విద్యార్థి బొమ్మల ఆధారంతో ఒకటి రెండు మాటలు మాత్రమే చెప్పగలడు. పై స్థాయిలకు చేరినకొద్దీ కారణాలు వివరించగలడు, అభిప్రాయాన్ని సమర్థించగలడు. ఏ స్థాయిని చేరినవారికి ప్రత్యేక బోధన అవసరం లేదో రాష్ట్రాలే నిర్ణయించుకొంటాయి. అందుచేత ఒక రాష్ట్రంలో పరీక్షనుండి విముక్తి పొందదగిన విద్యార్థి మరొక రాష్ట్రంలో ఇంకా నేర్చుకొంటున్నవాడుగానే పరిగణన పొందవచ్చు.

మాట వచ్చినంత మాత్రాన

ఆటస్థలంలో ధారాళంగా ఆంగ్లం మాట్లాడే బాలికను మళ్లీ మళ్లీ ఎందుకు పరీక్షించాలని తల్లిదండ్రులకు సందేహం కలగడం సహజం. కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ ఈ విషయాన్ని 1979లో విశదపరిచారు. దైనందిన సంభాషణకు కావలసిన భాష వేరు, విద్యావిషయాలకు కావలసిన భాష వేరు అని ఆయన ప్రతిపాదన. మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది. రెండవదానిలో తోటి విద్యార్థులతో సమానం కావడానికి ఐదు నుండి ఏడేళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ కాలం పట్టవచ్చు.

తెలుగు ఇంటినుండి అమెరికా బడికి వెళ్లిన విద్యార్థినే తీసుకొందాం. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివరకు వస్తుంది. ఆంగ్లంలో కర్త వెంటనే వస్తుంది. ఆంగ్ల నామవాచకాలకు ముందు వచ్చే ‘ఎ’, ‘ది’ వంటి ఉపపదాలు తెలుగులో లేవు. ‘నాకు ఆకలిగా ఉంది’ అన్న తెలుగు వాక్యాన్ని ఆంగ్లంలోకి మార్చేటప్పుడు ‘నాకు’ కాస్తా ‘నేను’ అవుతుంది. స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఇటువంటి తేడాలు పెద్దగా అడ్డుపడవు. కిరణజన్య సంయోగక్రియను అర పేజీలో వివరించవలసి వచ్చినప్పుడు అవి బయటపడతాయి. ఆ లోటు కనిపెట్టి సాయం అందించడమే పరీక్ష పరమార్థం.

పరిమితులు, జాగ్రత్తలు

ఎంత మంచి కొలమానానికైనా హద్దులుంటాయి. ఈ పరీక్ష ఆంగ్లాన్ని మాత్రమే కొలుస్తుంది. విద్యార్థికి తెలుగులో ఎంత కథ చెప్పగల శక్తి ఉన్నదో, ఎంత లోకజ్ఞానం ఉన్నదో దీనికి తెలియదు. ఏళ్ల తరబడి అవసరమైన స్థాయిని అందుకోలేకపోయిన విద్యార్థులు కొందరు ప్రత్యేక ఆంగ్ల తరగతులకే పరిమితమై, సంగీతం, చిత్రలేఖనం వంటి ఐచ్ఛిక విషయాలను కోల్పోవడం కద్దు. తోటివారు ఎన్నడూ రాయని పరీక్షను తామే రాయవలసి రావడం చిన్న మనసులను నొప్పించవచ్చు. ఇటువంటి ముద్ర తమ బిడ్డపై పడుతుందన్న భయంతో కొందరు తల్లిదండ్రులు ఇంటి భాష ఆంగ్లమేనని రాసే అవకాశం ఉన్నది. అప్పుడు అవసరమైన సహాయం బిడ్డకు అందకుండా పోతుంది. ఒక బిడ్డ మాతృభాషను దాచిపెట్టవలసిన స్థితి వచ్చినదంటే, అక్కడ లోపం బిడ్డదీ కాదు, భాషదీ కాదు.

ఈ దృష్టి మార్పు చట్టాల పదజాలంలోనూ కనిపిస్తుంది. పూర్వపు చట్టం ఈ విద్యార్థులను ఆంగ్లంలో పరిమిత సామర్థ్యం గలవారని పేర్కొన్నది. 2015 నాటి చట్టం ఆంగ్లం నేర్చుకొంటున్నవారు అన్నది. ఇప్పుడు అనేక విద్యాసంస్థలు బహుభాషా విద్యార్థులు అంటున్నాయి. మొదటి పేరు లేనిదానిని ఎత్తిచూపింది. చివరి పేరు ఉన్నదానిని గౌరవిస్తున్నది. 2011లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం ద్వారా ద్విభాషా అక్షరాస్యతా ముద్రను ప్రవేశపెట్టింది. ఆంగ్లంతోపాటు మరొక భాషలో కూడా చదవడం, రాయడం నిరూపించుకొన్న విద్యార్థికి ఉన్నత పాఠశాల పట్టాపై లభించే గుర్తింపు అది. తరువాత ఇతర రాష్ట్రాలు కూడా ఈ బాటలో నడిచాయి. ఒక పరీక్షలో అవరోధంగా కనిపించిన ఇంటి భాష, మరొక పరీక్షలో అర్హతగా నిలుస్తున్నది.

తెలుగు మాధ్యమంలో పదవ తరగతి వరకు చదివి, ఆంగ్ల మాధ్యమ కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి ఈ సమస్య కొత్తది కాదు. నిన్నటివరకు తరగతిలో ముందు నిలిచినవాడు, జవాబు తెలిసి కూడా చెప్పలేక మౌనం వహిస్తాడు. ఆ మౌనాన్ని అజ్ఞానంగా భావించరాదన్నదే శాన్‌ఫ్రాన్సిస్కో విద్యార్థుల వ్యాజ్యం లోకానికి నేర్పిన పాఠం. పరీక్ష విద్యార్థికి అందవలసిన సహాయాన్ని నిర్ణయించాలి గాని, విద్యార్థి విలువను నిర్ణయించరాదు. అర్థమయ్యే భాషలో చదువు చెప్పించుకోవడం ప్రతి విద్యార్థి హక్కు. అర్థం కానప్పుడు చేయూత ఇవ్వడం ప్రతి విద్యాసంస్థ ధర్మం.