దిక్కు, నీడ, ఇల్లు: విన్నిపెగ్ నగరంలో ఆదివాసీ యువత ఆశ్రయసేవల సాంస్కృతిక పునాది

1. ప్రవేశిక

కెనడా 2021 జనాభా లెక్కల ప్రకారం పద్నాలుగేళ్లు, అంతకు లోపు వయసున్న పిల్లలలో ఆదివాసుల వాటా 7.7 శాతం. ప్రభుత్వ సంరక్షణ కింద పరాయి ఇళ్లలో పెరుగుతున్న అదే వయసు పిల్లలలో వారి వాటా 53.8 శాతం. ఈ అంతరం యాదృచ్ఛికం కాదు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి, మాతృభాషను నిషేధించిన వసతి పాఠశాలలు శతాబ్దానికి పైగా నడిచి, 1990వ దశకంలో గాని పూర్తిగా మూతపడలేదు. 1960వ దశకం నుండి శిశుసంక్షేమ శాఖలు వేలాది పిల్లలను ఆదివాసేతర కుటుంబాలకు దత్తత ఇచ్చాయి. నేడు నగర వీధులలో రాత్రి గడిపే ఆదివాసీ యువత ఈ చరిత్రకు వారసులు.

2. నిరాశ్రయతకు మరో నిర్వచనం

మేటీ-క్రీ మూలాలున్న పరిశోధకుడు జెస్సీ థిసిల్ 2017లో ఆదివాసీ నిరాశ్రయతను పన్నెండు పార్శ్వాలుగా నిర్వచించాడు. ఆయన దృష్టిలో ఇల్లు లేకపోవడమంటే గోడలూ కప్పూ లేకపోవడం మాత్రమే కాదు. నేల, నీరు, బంధువర్గం, భాష, అస్తిత్వం మొదలైనవాటితో ఉండవలసిన సంబంధం తెగిపోవడం కూడా నిరాశ్రయతే. తెలుగు పాఠకునికి ఈ భావన అపరిచితం కాదు. ‘నిలువనీడ లేనివాడు’, ‘దిక్కులేనివాడు’ అనే మాటలు ఒకటి కావు. మొదటిది చోటు లేమిని, రెండవది మనుషుల లేమిని చెబుతుంది. థిసిల్ నిర్వచనం ఈ రెండవ అర్థానికి దగ్గరగా ఉంది. దీనిని అంగీకరిస్తే పడకల సంఖ్యతో ఆశ్రయసేవను కొలవడం కుదరదు.

3. విన్నిపెగ్ అనుభవం

విన్నిపెగ్ ఉత్తర ప్రాంతంలో 1993 నుండి పనిచేస్తున్న ఒక సంస్థ పేరు ‘ఎన్‌దినవేమాగనగ్ ఎన్‌దావాద్’. ఒజిబ్వే భాషలో దీని అర్థం ‘మన బంధువుల ఇల్లు’. వచ్చినవారిని లబ్ధిదారులుగా గాక బంధువులుగా చూడాలన్న నియమం పేరులోనే ఉంది. పద్దెనిమిదేళ్లలోపు వారికి రాత్రి ఆశ్రయం, భోజనం, పెద్దల సాంగత్యం, సంప్రదాయ క్రతువులలో పాల్గొనే అవకాశం అక్కడ ఒకే కప్పు కింద లభించాలన్నది ఆలోచన.

2014 ఆగస్టులో పదిహేనేళ్ల టీనా ఫాంటెయిన్ మృతదేహం ఆ నగరంలోని రెడ్ నదిలో దొరికింది. అప్పటికి ఆమె శిశుసంక్షేమ వ్యవస్థ సంరక్షణలో ఉంది. బస ఒక హోటల్ గదిలో. చివరి రోజులలో పోలీసులు, వైద్యసిబ్బంది, సంక్షేమ ఉద్యోగులు ఆమెను చూశారు. అంటే ఆమెకు పడక లేకపోలేదు, వ్యవస్థలూ లేకపోలేదు. ఆమె ఉదంతంపై మానిటోబా బాలల హక్కుల ప్రతినిధి 2019 మార్చిలో వెలువరించిన నివేదిక శీర్షికకు తెలుగు ‘ఇల్లులా అనిపించే చోటు’. ఇందులో ‘అనిపించే’ అన్న మాటే కీలకం. అంతకుముందే, 2018లో, పై సంస్థ ఆమె పేరిట ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే కేంద్రాన్ని ప్రారంభించింది. అర్ధరాత్రి తలుపు తట్టిన పిల్లవాణ్ణి కాగితాలు అడగకముందే లోపలికి పిలవగలగడం ఇటువంటి కేంద్రాలకు ప్రాణం.

4. ఎవరి సంస్కృతి?

సంస్కృతి ఆధారం అనగానే ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకే రాత్రి ఒకే గదిలో అనిషినాబే, క్రీ, డకోటా, మేటీ, ఇన్యుయిట్ పిల్లలు ఉండవచ్చు. వీరి భాషలు, క్రతువులు వేరు. సేజ్ ఆకుల ధూపం ఒకరికి నాయనమ్మను గుర్తుచేస్తే, మరొకరికి అసలు పరిచయమే లేకపోవచ్చు. వసతి పాఠశాలల ప్రభావంతో క్రైస్తవమే తమ మతంగా స్థిరపడిన కుటుంబాల పిల్లలు క్రతువును నిరాకరించనూ వచ్చు. కాబట్టి క్రతువు అందుబాటులో ఉండాలి గాని ప్రవేశానికి షరతు కారాదు. గోడమీది బొమ్మలకూ, ఏడాదికొక ఉత్సవానికీ పరిమితమైన ‘సంస్కృతి’ మాత్రం నిధుల దరఖాస్తుకే పనికివస్తుంది.

వయసు మరో చిక్కు. పద్దెనిమిదేళ్లు నిండగానే సంరక్షణ చట్టరీత్యా సన్నగిల్లుతుంది. బంధుత్వానికి అటువంటి గడువు లేదు.

2020 జనవరి 1 నుండి అమలులో ఉన్న సమాఖ్య చట్టం పిల్లల సేవలపై ఆదివాసీ సమాజాల స్వీయాధికారాన్ని గుర్తించింది. పిల్లవాణ్ణి మొదట తల్లిదండ్రుల వద్ద, కాకుంటే ఇతర బంధువుల వద్ద, ఆపై స్వసమాజంలో ఉంచాలని క్రమం నిర్దేశించింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీని రాజ్యాంగబద్ధతను సమర్థించింది. అయితే స్వసమాజం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఆ రాత్రికి బంధువు పాత్ర వహించవలసింది నగరంలోని ఆశ్రయమే.