స్ప్రింగ్ ఉచితమే, మరి ఖర్చు దేనికి?

“సాఫ్ట్‌వేర్ ఉచితమైనప్పుడు శిక్షణకు విరాళమెందుకు?” అని దాతలు అడగడం సమంజసమే.

జావాలో పెద్ద సంస్థల వెబ్ అప్లికేషన్లు నిర్మించే స్ప్రింగ్‌కు లైసెన్సు రుసుము లేదు. రాడ్ జాన్సన్ 2002లో తన పుస్తకంతో ఇచ్చిన కోడ్ నుంచి పుట్టి, 2004లో 1.0గా వెలువడింది.

దాని కిటుకు ఇది: ప్రోగ్రాములో ఒక భాగానికి అవసరమైన మరో భాగాన్ని స్ప్రింగే సమకూరుస్తుంది. అందువల్ల ఏ భాగాన్నయినా విడిగా పరీక్షించడం, మార్చడం తేలిక. ఇది చదివితే రాదు. రాసి, తప్పులు దిద్దుకుంటేనే వస్తుంది. అందుకు కంప్యూటరు, పక్కన కూర్చుని నేర్పే గురువు, కొన్ని నెలల తీరిక కావాలి.

నేర్చిన తరువాతా పని ఉంటుంది. 2022లో వచ్చిన స్ప్రింగ్ 6కు కనీసం జావా 17 ఉండాలి. పాత ప్రోగ్రాములను సరిచేసేవారు అవసరమయ్యారు.

కాబట్టి మేము కోరే సాయం సాఫ్ట్‌వేర్ కొనడానికి కాదు. నేర్చుకునే పిల్లలకు ఆ గురువును, ఆ తీరికను సమకూర్చడానికి.