అడవిబాట – ఆంధ్ర రచయిత

అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రమున ప్రవరుఁడు సిద్ధుఁ డొసఁగిన పాదలేపముచే క్షణమాత్రమున హిమాలయమును జేరెను. మంచునీట నా లేపము కరఁగిపోఁగా, మరలివచ్చు దారి యెఱుఁగక యా కొండలలోఁ దిరుగవలసినవాఁ డయ్యెను. కథాసంవిధానమునకు నది యావశ్యకము. అయినను నందొక లోకసత్యమును గలదు: త్రోవ నడవక గమ్యమును జేరినవానికి త్రోవ తెలియదు. ఈ మాట బాటసారికే కాదు, రచయితకును జెల్లును. తన సీమలోని కొండలను, అడవులను మూఁపున మూటతోఁ గాలినడకను దిరిగి చూచుటవలన రచయితకు లభించున దెట్టిదో, యట్టి సంచారమువలన మన భాషకు సమకూడిన దేమో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ప్రబంధమునకు విధింపఁబడిన యష్టాదశవర్ణనములలో శైలవర్ణన మొకటి. అందు సాల తాల తమాల హింతాలములు ఏ కొండకైనను ఒక్కతీరుగనే వచ్చుచుండును. ఇది కవుల లోప మనరాదు. వారు రసమును గోరిరే కాని భూగోళశాస్త్రమును వ్రాయఁబూనలేదు. కాని యా వర్ణనములనే ప్రమాణముగఁ గొని మన యడవులను దెలిసికొనఁజూచువాఁడు పొరపడును. సాలవృక్షము ఒడిసా సరిహద్దున నున్న యుత్తరాంధ్రపు కొండలలోఁ గనఁబడును గాని, నల్లమలలో సహజముగఁ బెరుగదు. నల్లమల త్రోవను నడచువానికి గానవచ్చునవి నల్లమద్ది, ఏగిస, చిరుమాను, తునికి, ఇప్ప, సార, మోదుగ, వెదురు. ఈ పేళ్ల నెఱిఁగినవారు పాఠశాలలలో నెందఱు కలరో పండితులే యోజింపవలయును.

కంటఁ జూచినదానిని వ్రాసిన సంప్రదాయము మనకు లేకపోలేదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమునందలి పర్వతప్రకరణము శివరాత్రికి శ్రీశైలమున కేఁగు యాత్రికులను వర్ణించును. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, నివాళిపదములు, వెన్నెలపదములు అని నాఁటి జనులు పాడుకొను పాటల పేళ్లు పెక్కు మనకు సోమనాథునివలననే తెలియుచున్నవి. ఆ పాటలు దక్కలేదు, పేళ్లు దక్కినవి. బాటను బోవువారి నోటిమాటను లక్ష్యపెట్టిన కవి యొక్కఁ డుండుటచే నీ మాత్రమైనను నిలిచినది.

ఆ శ్రీశైలపు త్రోవనే పిమ్మట నొక గద్యకారుఁ డనుసరించెను. చెన్నపట్టణపు సుప్రీంకోర్టున దుబాషీగా నుండిన యేనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీని బయలుదేఱి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదుల మీఁదుగాఁ గాశికిఁ బోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరలివచ్చెను. ఆయన వ్రాఁత 1838లో కాశీయాత్రాచరిత్ర యను పేర నచ్చుపడెను. ఆయనకు పల్లకియు బోయీలును బెద్దపరివారమును గలరు. కావున నాయనను గేవలపాదచారి యనుట సరికాదు. అయినను బాటసారి కన్నుతోనే సర్వమును జూచెను. దిగినచోట నీరు కలదా, దినుసులు దొరకునా, బాట రాతిదా యిసుకదా, ఊరికి నూరికి దూర మెంత – యిట్టివి దినదినమును గుఱుతించుకొనెను. ఆ గుఱుతులే నేఁడు చరిత్రకారులకు నాధారము లైనవి. అలంకారములు లేని యా వచనము విలువ చెడక నిలుచుటకుఁ గారణ మదియే.

పల్లకి లేక, పరివారము లేక, యంతకంటెఁ గష్టమైన త్రోవను ద్రొక్కినవారు గిడుగు వేంకట రామమూర్తిగారు. పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండి సమీపపుఁ గొండలలోని సవరల భాషను నేర్వఁబూని, దాని నెఱిఁగినవాని నొకని నింటఁ బెట్టుకొని యభ్యసించిరి. పిమ్మట సవరపల్లెలకుఁ దామే పోవుచు వచ్చిరి. ఆ కొండలలోఁ జలిజ్వరము పట్టెను. దానికిఁ బుచ్చుకొన్న క్వినైనువలన నాయనకు వినికిడి పోయెను. భాషను జెవితోఁ బట్టవలసిన పండితుఁడు భాషకొఱకే చెవిని గోల్పోయెను! అయినను విడువక 1931లో సవరభాషా వ్యాకరణగ్రంథమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును బ్రకటించిరి. గ్రాంథికవ్యావహారిక వివాదమున నే పక్షము వహించినవారైనను ఈ కృషికిఁ దల వంపక తప్పదు.

అడవిలో నడచినవానికి మాట యెట్లు లభించునో యొక యుదాహరణముచేఁ దెలియఁగలదు. పెంట యన బయలుసీమలో చెత్తకుప్ప, యెరువు. నల్లమలలో నట్లు కాదు. అచ్చట పెంట యనఁగాఁ జెంచుల నివాసము. అప్పాపురము పెంట యను పేరును గాగితముమీఁదఁ జూచిన పట్టణపాఠకుఁడు నవ్వుకొనవచ్చును. నడచి యచ్చట నొకరాత్రి తల దాఁచుకొన్నవాఁడు నవ్వఁడు. అట్లే కనుమ, కోన, చెలమ మొదలగునవి నిఘంటువున నర్థము చెప్పఁబడినవే. కాని రెండు కొండల నడుమ నొదిఁగి పోవు సందును నడచి దాఁటినపుడే కనుమకును గోనకును గల భేదము మనసున నాటును. ఎండిన వాగునడుమ నిసుకను దోడి యూరిననీరు త్రాగినవానికిఁ జెలమకు వేఱు టీక యక్కఱలేదు.

నడచినంతమాత్రమున నెవఁడును గవి కాఁడు. నడవని మహాకవులును గలరు. నడక ప్రతిభ నీయదు, ప్రతిభకు సామగ్రి నిచ్చును. అదియు నూరక తిరిగిన లభింపదు. అడవికిఁ బోవు రచయిత కొన్ని నియమములను బాటింపవలయును. మోయఁగలిగినంతయే మూట కట్టవలయును: కంబళి, అటుకులు, నీళ్లపాత్ర, చిన్నకత్తి, వ్రాఁతపుస్తకము. బరువు మించిన చూపు నేలమీఁదనే యుండును గాని చెట్టుమీఁదికిఁ బోదు. విన్న మాటను విన్నచోటనే, పలికినవాని యుచ్చారణము ననుసరించి, వ్రాసికొనవలయును. ఇంటికి వచ్చిన పిమ్మట వ్రాసినచో మాట సంస్కారము పొంది రూపు చెడును. చెంచును దారి చూపు కూలివానిగాఁ గాక యా శాస్త్రమునఁ బెద్దగా నెంచి యడుగవలయును. పేరు తెలియనిచోఁ దెలియదని వ్రాయవలయునే కాని, సంస్కృతనామము నొకదానిని దగిలింపరాదు.

ఈ పనికి నేఁడు త్వరపడవలసిన హేతువులు గలవు. మోటారుబాటలు పడినపిమ్మట శ్రీశైలమున కేఁగువారిలోఁ బెక్కండ్రు కొండను నిద్రలోనే యెక్కుచున్నారు. వెంకటాపురమునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలనులమీఁదుగాఁ గైలాసద్వారమును జేరు ప్రాఁతకాలిబాట శివరాత్రి, యుగాది దినములలో మాత్రము జనసంచారముతో నిండుచున్నది. పులుల సంరక్షణకై యేర్పఱుపఁబడిన యడవిలోఁ దక్కిన కాలమున నటవీశాఖవారి యనుమతి లేక తిరుగరాదు, అది న్యాయమే. శ్రీశైలపుటానకట్ట నిండిన పిమ్మటఁ గృష్ణాతీరపుఁ బల్లె లనేకములు నీట మునిఁగెను. సంగమేశ్వరాలయము జలాశయము తగ్గిన దినములలోనే బయలుపడుచున్నది. ఆలయము మరలఁ గనఁబడును. మునిఁగిన చేల పేళ్లు, రేవుల పేళ్లు, వాగుల పేళ్లు ముసలివారి నోట నున్నంతవఱకే యుండును. పిమ్మట నే వేసవియు వానిని బయలు పఱుపఁజాలదు.

కాఁబట్టి పాఠశాలాపండితుఁడు తన యూరి కవతల నున్న కొండను, ఆమడదూరమున నున్న యడవిని సెలవుదినములలో శిష్యులతోఁ గూడి నడచి, యొక్కొక్క గుట్టకు, మడుగునకు, చెట్టునకు స్థానికు లిచ్చిన పేరును గూర్చి యుంచినచో, నది చిన్నపనివలెఁ దోఁచినను, నిఘంటుకారులకును జరిత్రకారులకును గవులకును సమానముగ నుపకరించును. సోమనాథుఁడు పాటల పేళ్లను మిగిల్చినట్లు ఈ తరమువారు నేల పేళ్లనైన మిగుల్పవలసియున్నది. అందులకుఁ బాదలేప మక్కఱలేదు, పాదములు చాలును.