మచ్చు తీయుటయు, మితముగా పలుకుటయు

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలందురు. కుండలోని మెతుకులన్నియు ఒకే నీటిలో, ఒకే సెగపై ఉడుకుచుండుటచే ఒక్కటి తక్కిన వాని సంగతి చెప్పగలదు. ఇట్లు కొంచెమును చూచి మొత్తమును గ్రహించుటను మచ్చు చూచుట యందుము. కాని లోకములోని విషయములన్నియు కుండలోని అన్నము వంటివి కావు. గాలి వేడిమి, నదిలోని నీటిమట్టము, మనుష్యుని కంఠధ్వని కాలముతో మారుచుండును. వీని సంగతి ఒక్క మచ్చుచే తెలియదు. వరుసగా పెక్కు మచ్చులు తీయవలెను. ఎన్ని తీయవలెను? తీసిన వానినన్నిటిని దూరమున నున్నవారికి పంపవలెనా? ఈ రెండు ప్రశ్నలను గూర్చి మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఇచ్చట విన్నవింప దలచితిమి.

మొదటి ప్రశ్నకు గణితశాస్త్రము సమాధానము చెప్పినది. ఒక సంకేతములో సెకనుకు అత్యధికముగా ఎన్ని కంపనములు గలవో, దానికి రెట్టింపునకు మించి మచ్చులు తీసినచో, ఆ మచ్చులనుండి సంకేతమును మరల యథాతథముగా నిర్మింపవచ్చును. హారీ నైక్విస్టు 1928లో ప్రకటించిన వ్యాసములో ఈ సూత్రమునకు బీజము కలదు. క్లాడ్ షానన్ 1949లో దీనిని స్పష్టముగా నిరూపించెను. టెలిఫోనులో మన మాటలలోని కంపనములను సెకనుకు సుమారు 3,400 వరకే అనుమతింతురు. కావున సెకనుకు 8,000 మచ్చులు తీసిన చాలును. అంతకన్న తక్కువ తీసినచో మోసము జరుగును. చలనచిత్రములో బండి ముందునకు పోవుచుండగా చక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుటను మనమందరము చూచియే యున్నాము. అది చాలని మచ్చులు కల్పించిన భ్రమ.

ఇక పంపుట సంగతి. ప్రతి మచ్చును ఒకట్లు, సున్నలతో కూడిన సంఖ్యగా వ్రాయుదురు. ఈ ఒకటిని గాని, సున్నను గాని బిట్టు అందురు. ఇరుకు సందులో ఎడ్లబండ్లు ఒకదాని వెనుక నొకటి పోవునట్లు, ఒకే దారిన బిట్లను వరుసగా పంపుటయే వరుస ప్రసారము. టెలిఫోను మచ్చు ఒక్కొక్కటికి 8 బిట్లు చొప్పున సెకనుకు 64,000 బిట్లు పంపవలసియుండును. దారి మిగుల ఇరుకైనచో ఎంత ఆలస్యమగునో ఒక ఉదాహరణము చాలును. 1965 జూలైలో మారినర్ 4 అను నౌక అంగారక గ్రహమును దగ్గరగా ఫోటోలు తీసినది. ఒక్కొక్క ఫోటోలో 200 వరుసలు, వరుసకు 200 చుక్కలు, చుక్కకు 6 బిట్లు; అనగా మొత్తము 2,40,000 బిట్లు. సెకనుకు ఎనిమిది చిల్లర బిట్లు మాత్రమే పంపగలిగినందున ఒక్క ఫోటో భూమికి చేరుటకు ఎనిమిది గంటలు పట్టినది.

అందుచే పొదుపు అవసరమైనది. జ్వరపడిన బిడ్డను తల్లి ఎట్లు కనిపెట్టునో చూడుడు. జ్వరము నిలకడగా నున్నప్పుడు కొన్ని గంటల కొకమారు చూచును. పెరుగుచున్నప్పుడు మాటిమాటికి చూచును. పరిస్థితి ననుసరించి మచ్చు తీయుట యనగా నిదియే. యంత్రములకును ఈ వివేకమును నేర్పవచ్చును.

ఒక లెక్క చేయుదము. ఒక ఉష్ణమాపక యంత్రము నిమిషమున కొక మచ్చు పంపినచో దినమునకు 1,440 మచ్చులగును. ఒక్కొక్క మచ్చునకు 8 బిట్లు, ఆరంభమును, అంతమును తెలుపుటకు మరి రెండు, వెరసి 10 బిట్లు చొప్పున 14,400 బిట్లు. ఇప్పుడు యంత్రము నిమిష నిమిషమును చూచుచునే యుండి, వేడిమి అర డిగ్రీ మారినప్పుడు మాత్రమే వార్త పంపుననుకొందము. దినములో వేడిమి 10 డిగ్రీలు పెరిగి, మరల 10 డిగ్రీలు తగ్గినచో 40 వార్తలు చాలును. కాని ఇచ్చట ఒక చిక్కు కలదు. మునుపు మచ్చుల వరుసను బట్టియే వేళ తెలిసెడిది. ఇప్పుడు ప్రతి వార్తలోను వేళను గూడ చెప్పవలెను. అందుచే ఒక్కొక్క వార్తకు 30 బిట్లనుకొన్నను, మొత్తము 1,200 బిట్లే. పండ్రెండవ వంతుతో పని ముగిసినది.

మచ్చులను మానకయే మాటను పొట్టిచేయు మార్గమును కలదు. 1977లో బయలుదేరిన వాయేజర్ 2, 1986 జనవరిలో యురేనస్ గ్రహమును సమీపించెను. దాని ఫోటో యొక్కటి 51,20,000 బిట్లు. నౌక దారిలో నుండగనే భూమినుండి క్రొత్త ఆదేశములు పంపి, ప్రతి చుక్క వెలుగును పూర్తిగా చెప్పుటకు మారుగా ప్రక్క చుక్కకును దానికిని గల భేదమును మాత్రమే చెప్పునట్లు చేసిరి. భేదములు సాధారణముగా చిన్న సంఖ్యలగుటచే బిట్లు సగమునకు మించి తగ్గినవి.

అయినను పొదుపులో నొక అపాయము దాగియున్నది. యంత్రమునుండి రెండు గంటలుగా వార్త రాలేదనుకొనుడు. వేడిమి మారలేదా? లేక తీగ తెగినదా? మౌనమునకు రెండు అర్థములు కలవు. నదిలో వరద నీటిని కొలచు యంత్రము విషయమున ఈ సందేహము ప్రాణాపాయమునకే దారితీయవచ్చును. అందుచే మార్పు లేకున్నను నియమిత కాలమున కొకమారు “నేనున్నాను” అని యంత్రము తెలుపునట్లు ఏర్పాటు చేయుదురు. మన లెక్కలో గంట కొకమారు అట్టి వార్త చేర్చినను మరి 720 బిట్లే, మొత్తము 1,920. మొదటి లెక్కలో ఇది ఏడవ వంతునకు లోపే.

ఈ సంగతి తల్లులకు మేము చెప్పనక్కరలేదు. ఈ పాఠశాలలో చదివి, పై చదువులకై దూరప్రాంతములకు పోయిన పిల్లలు విశేషమున్నప్పుడే ఇంటికి కబురు పంపుదమనుకొందురు. విశేషము లేనిచో అంతా క్షేమమే యని వారి భావము. కాని ఇంటి యొద్ద తల్లికి ఆ మౌనము క్షేమమో, ఆపదయో తెలియదు. మితముగా పలుకుట మంచిదే. ఆ మౌనమున కర్థమేమో పంపువారును, అందుకొనువారును ముందుగనే యొక మాట అనుకొనవలెను. కావున విద్యార్థులారా, విశేషమేమియు లేకున్నను వారమున కొకమారు “క్షేమము” అను ఒక్క మాట ఇంటికి పంపుడు. దాని ఖర్చు స్వల్పము. అది లేని లోటు పెద్దది.