జుబేదా యను పేరు

తెలుగుదేశమున ముసల్మానుల ఇండ్లలో ఆడబిడ్డలకు పెట్టుకొను పేర్లలో జుబేదా యొకటి. బడిలోని హాజరుపట్టీలో ఈ పేరును చదువుదుము. పొరుగింటి పిల్లదైనచో దినమునకు పదిమార్లు పిలుతుము. అర్థమేమని అడుగువారు మాత్రము అరుదు. అడిగినచో ఖురానులోనిదై యుండునని పలువురు చెప్పుదురు. అది సరికాదు, ఖురానులో ఈ పేరు లేదు. దీనికి కీర్తి వచ్చినది ఒక తాత మనుమరాలిని పిలిచిన ముద్దుపిలుపువలన.

అరబ్బీ భాషలో 'జుబ్దా' యనగా వెన్న, మీగడ. దానినుండి ఏ వస్తువునందైనను మేలైన సారభాగమను అర్థము కూడ ఏర్పడినది. పారసీక చరిత్రకారులు తమ గ్రంథములకు 'జుబ్దతుత్తవారీఖ్' అని పేరిడుటలో ఉద్దేశము 'చరిత్రల నవనీతము' అనియే. అరబ్బులు ఒక మాటను ముద్దుగా, చిన్నదిగా చేయదలచినపుడు దాని నడుమ 'ఐ' అను ధ్వనిని నిలుపుదురు. హసన్ హుసైన్ అగుటయు, అబ్ద్ ఉబైద్ అగుటయు ఈ రీతినే. అట్లే జుబ్దా జుబైదా యైనది; అనగా చిన్ని వెన్నముద్ద. ఉర్దూమీదుగా మన నోటికి వచ్చునప్పటికి జుబేదాగా స్థిరపడినది.

ఉచ్చారణను గూర్చి ఒక మాట. మొదటి అక్షరము 'జంతువు'లోని జకారము కాదు; 'జున్ను' అనునపుడు మన నాలుక పలుకు దంత్య జకారమునకు దగ్గరిది. పాలనుండి పుట్టిన పేరునకు జున్నే దారి చూపుట నాకు వేడుకగా తోచును.

ఆ తాత బాగ్దాదు ఖలీఫా మన్సూరు. 762లో ఆ నగరమునకు పునాది వేసినవాడు ఆయనయే. లెక్కలు చూచుటలో ఎంత గట్టివాడనగా, జనులు ఆయనను 'దమ్మిడీల తండ్రి' యని ఎగతాళి చేసిరి. మనుమరాలికి పెట్టిన పేరు అమతుల్ అజీజ్. సర్వశక్తుడైన భగవంతుని దాసి యని అర్థము. పసిబిడ్డ తెల్లగా బొద్దుగా నుండుట చూచి, ఆ గట్టి మనిషియే ఆమెను ఆడించుచు 'జుబైదా' యని పిలిచెనట. ఆ పిలుపే నిలిచి, అసలు పేరు మరుగుపడినది.

ఆమె పెరిగి, తన తండ్రి సోదరుని కుమారుడైన హారూన్ రషీదును వివాహమాడెను. అరేబియా రాత్రుల కథలు చదివినవారికి ఈ దంపతులు పరిచితులే. కాని కథలలోని పట్టుతెరల జుబేదాకంటె చరిత్రలోని జుబేదా పెద్దది. మక్కా లోయలో ఏరు లేదు. యాత్రాకాలమున ఒక తోలుతిత్తి నీటికి బంగారునాణెము చెల్లించిన రోజులు కలవని చెప్పుదురు. ఆమె హునైను ప్రాంతపు ఊటలనుండి కొండలు తొలిపించి మక్కాకు కాలువ త్రవ్వించెను. వ్యయము మితిమీరునని కోశాధికారి వెనుకాడగా, గునపము వేటునకొక దీనారమైనను పని సాగవలసినదేనని ఆమె యనెనట. దమ్మిడీల తండ్రి మనుమరాలు!

ఇరాకులోని కూఫానుండి మక్కాకు పోవు ఎడారిబాట సుమారు 1,400 కిలోమీటర్లు. ఆ బాట పూర్వమునుండి ఉన్నదే. తొలి అబ్బాసీ ఖలీఫాలును కొన్ని మజిలీలు కట్టించిరి. అయినను బావులు, కోనేళ్లు విరివిగా కట్టించినందున అది 'దర్బు జుబైదా', అనగా జుబైదా బాట, అని ఆమె పేరనే ప్రసిద్ధమైనది. ఆమె గతించిన మూడున్నర శతాబ్దులకు, 1184లో, ఆ దారిని నడచిన యాత్రికుడు ఇబ్ను జుబైరు, ఆ కోనేళ్లే లేకున్న ఈ మార్గమున ఎవరును నడువజాలరని వ్రాసెను.

ఆమె బ్రదుకంతయు వెన్నవలె మెత్తగా గడువలేదు. ఏకైక పుత్రుడు అమీను సింహాసనమునకై సవతి సోదరుడు మామూనుతో పోరి 813లో హతుడయ్యెను. ఆమె పగ పెంచలేదు. 825లో మామూను వివాహోత్సవమున తానును పాల్గొనెను. 831లో బాగ్దాదులో కన్నుమూసెను. ఆమె త్రవ్వించిన కాలువ మరమ్మతులతో ఇరువదవ శతాబ్దివరకును మక్కాకు నీరందించినది. దానిని అచ్చటివారు ఐను జుబైదా, అనగా జుబైదా ఊట, అందురు. అమతుల్ అజీజ్ అను పేరుతో ఆ ఊటను పిలిచినవారు లేరు.